పొగ లెక్క

మా కుందేలుబండ ఊరి గుట్టను చూడనివాళ్లతో నేను మాట్లాడను. కంబదూరు చుట్టుపక్కల అంత ఎత్తైన గుట్ట ఇంకొకటి లేదు. దాని మీద నిలబడితే ఒక పక్క పెనుకొండ కోట, ఇంకో పక్క బళ్ళారి కోట కనబడతాయి. ఆవులించడానికి నోరు తెరిస్తే మబ్బు లోపలికి పోతుంది. ముక్కు కాస్త ఎగబీలిస్తే చాలు, కింద ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో చెప్పేయవచ్చు.

నమ్మరా? నమ్మకపోతే మానండి. కథ మాత్రం వినండి.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం మా బడిలో ఎవరికీ పాఠం బుర్రకెక్కడం లేదు. అది పందొమ్మిదివందల యాభై రెండు. ఉగాది అప్పుడే దాటింది. రెండేళ్లుగా సరైన వాన లేదు. బడి అంటే నాలుగు గోడల మీద బండలు పరిచిన ఒకటే గది. పైన బండలు కాలుతుంటే, కింద మేము పెనం మీద రొట్టెల్లా అటూ ఇటూ తిరుగుతున్నాం.

గోవిందప్ప అయ్యవారు పుస్తకం మూసేశారు.

"రేపు సాయంత్రం తాసిల్దారు కచేరి నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాండాడు," అన్నారు. "మనూర్లో గంజి కేంద్రం పెడతారంట. దినానికి ఒక పూట గంజి పోస్తారు. ఎంతమందికి కాయాలో మనం చెప్పాల. తక్కువ చెప్తే పిండి తక్కువ వస్తాది. ఎక్కువ చెప్తే పక్కూరి పిండి మనం తిన్నట్ల."

కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. వాడికి ఏ పనైనా తప్పించుకునే దారి ముందు కనబడుతుంది.

"పోయినేడు మీరే గదా అయ్యవారూ జనాభా లెక్క రాసినారు. అదే ఇచ్చేస్తే పోలా?"

"పోయినేడు నీకు ఈ చొక్కా సరిపోయింది. ఈ యేడు బొడ్డు కనపడతాంది. అదే తొడుక్కోని తిరుగుతావా?"

మేమంతా వాడి బొడ్డు వైపు చూశాం. వాడు చొక్కా కిందికి లాక్కుని కూర్చున్నాడు.

"పాత లెక్క పారేసేది కాదప్పా," అన్నారు అయ్యవారు. "దాని పక్కన కొత్త లెక్క పెట్టి చూడాల. అప్పుడు ఈ యేడాదిలో మనూరికి ఏమైందో తెలుస్తాది."

ఆ పాత లెక్క సంగతి మీకు కాస్త చెప్పాలి. ముందు ఏడాది మాఘమాసంలో అయ్యవారు ఒక చేత్తో గేరు రంగు ముంత, ఇంకో చేత్తో కాగితాలు పట్టుకుని ఊరంతా తిరిగారు. ప్రతి తలుపు మీద ఎర్రగా ఒక నంబరు రాశారు. ఇంట్లో ఎవరెవరున్నారు, వయసెంత, పనేమిటి అని అడిగారు. మా అవ్వను వయసు అడిగితే, "పెద్ద గాలివాన వచ్చినప్పుడు నేను పాలు తాగే బిడ్డను" అంది. ఏ గాలివానో తేలలేదు. చివరికి ఆమె చెప్పిన గుర్తులన్నీ కలిపి లెక్కేస్తే, మా అవ్వ మా నాయన కన్నా రెండేళ్లు చిన్నదయింది.

అప్పుడే అయ్యవారు మాకు ఒక సూత్రం నేర్పారు. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక సంసారం. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు సంసారాలు. లెక్కకు గోడ కాదు ముఖ్యం, పొయ్యి ముఖ్యం.

ఈ సూత్రం అందరికన్నా గట్టిగా పట్టుకున్నది తిప్పమ్మ.

తిప్పమ్మకు పదేళ్లు. మా తరగతిలో లెక్కల్లో ఆమెదే పైచేయి. మేము పలక మీద అంకెలు దించుకునేలోపు ఆమె జవాబు చెప్పేసి జడ అల్లుకుంటూ కూర్చునేది. ఆ జడ అల్లుకోవడమే మాకు ఎక్కువ కడుపుమంట.

అయ్యవారు వీధులు పంచారు. కుళ్ళాయప్పకు నడిమివీధి. నాకు పైవీధి. తిప్పమ్మకు కిందివీధి.

"కిందివీధికి యేసన్న ఉండాడు గదా అయ్యవారూ," అంది తిప్పమ్మ. "వాడిది ఆ వీధే."

"యేసన్న వారం నుంచి బడికి రాలేదు. నువ్వే పోవాల. తలుపు తలుపుకూ పో. నంబరు చూడు. పొయ్యిలెన్నో అడుగు, మనుషులెందరో అడుగు."

తిప్పమ్మ తలూపింది. కానీ మనసులో వేరే లెక్క మొదలైంది. కిందివీధి ఊరికి దూరంగా, చెట్టు నీడ లేని బయల్లో ఉంది. తిప్పమ్మ కాళ్లకు చెప్పులు లేవు. ఆ ఎండలో నేల మీద అడుగు పెడితే కాలు దానంతటదే పైకి లేస్తుంది. పైగా, ప్రతి వాకిట్లో నిలబడి మీ ఇంట్లో ఎందరని అడగాలంటే ఆమెకు నామోషీ.

ఇంటికి పోయి అమ్మతో చెప్పింది. తిప్పమ్మ వాళ్లమ్మ పేరు బయమ్మ. ఆమె జొన్నలు చెరుగుతోంది. చేటలో జొన్నల కన్నా మట్టిగడ్డలే ఎక్కువ ఉన్నాయి.

"ఎండ తగ్గినాక పో," అంది బయమ్మ. "వాకిట్లో నిలబడి అడుగు. ఆ ఇండ్లలోపలికి పోవద్దు."

"లోపలికే కాదు, వాకిట్లోకి కూడా పోయే పని లేదులే," అంది తిప్పమ్మ.

ఆమె ఎత్తు ఇది. ఒక పొయ్యికి ఒక సంసారం. ఒక పొయ్యికి ఒక పొగ. కాబట్టి పొగలు లెక్కపెడితే సంసారాలు లెక్కపెట్టినట్టే. కరువు రోజులు, అందరూ రోజుకు ఒక్కసారే వండుతారు, అదీ పొద్దుగూకే వేళ. ఆ వేళకు గుట్ట ఎక్కి కూర్చుంటే కిందివీధి మొత్తం ఒక్క చూపులో తేలిపోతుంది.

ఇక్కడ గుట్ట గురించి ఒక మాట సర్దుకోవాలి. మొదట్లో నేను చెప్పిన గుట్ట వేరే ఊళ్లో ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు. మా గుట్ట అంటే ఒకదాని మీద ఒకటి పడుకున్న నాలుగు బండరాళ్లు. పాలు మరవని మేకపిల్ల కూడా ఒక్క ఉరుకులో పైకెక్కి మళ్లీ దిగుతుంది. అక్కడి నుంచి పెనుకొండ కోట, బళ్ళారి కోట కాదు కదా, కంబదూరు దారి కూడా సగమే కనబడుతుంది. కూర వాసన సంగతి అడగనే వద్దు. ఆ ఏడు మా ఊళ్లో కూర ఎవరు వండారని?

కానీ పొగ మాత్రం కనబడేది. అందులో అబద్ధం లేదు.

తిప్పమ్మ బండ మీద కూర్చుంది. కింద బోదగడ్డి కొట్టాల కప్పుల్లోంచి పొగ సన్నగా పైకి లేస్తోంది. గాలి లేదు. దారాలు వేలాడదీసినట్టు ఏ పొగకు ఆ పొగ విడివిడిగా ఉంది. ఒకసారి లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. సంసారానికి అయిదుగురు చొప్పున వేసుకుంటే నూట ఐదుగురు. పలక మీద రాసుకుని, చెమట చుక్క రాలకుండా ఇంటికి పోయింది.

మరుసటి రోజు పొద్దున బడిలో అందరం లెక్కలు అప్పజెప్పాం. నా కాళ్లకు బొబ్బలు లేచాయి. కుళ్ళాయప్ప వెంట నడిమివీధి కుక్క పడిందట. తిప్పమ్మ హాయిగా జడ అల్లుకుంటోంది.

అయ్యవారు నల్లబల్ల మీద ఒక్కో వీధి పేరూ రాశారు. పక్కన పోయినేటి లెక్క, దాని పక్కన ఈ యేటి లెక్క. పైవీధి ఇంచుమించు అంతే. నడిమివీధి ఒకటి రెండు తగ్గింది. కిందివీధి దగ్గరికి వచ్చేసరికి సుద్దముక్క ఆగింది.

"పోయినేడు ముప్పై పొయ్యిలు. నూట నలభై ఎనిమిది మంది," అన్నారు. "నువ్వు తెచ్చింది ఇరవై ఒకటి. తొమ్మిది పొయ్యిలు యాడికి పోయినాయి పాపా?"

"సుగ్గికి పోయింటారు అయ్యవారూ. బళ్ళారి పక్క కోతలకు."

"ఎవరెవరు పోయినారు?"

తిప్పమ్మ జడ వదిలేసింది.

"కిందివీధిని తోడేలేమన్నా తినిందేమో," అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా.

"పోయినోళ్లందరూ సంసారంతో పోయినారా? ముసలోళ్లను ఈడే విడిచిపెట్టినారా?" అయ్యవారు గొంతు పెంచలేదు. "ఒక సంసారంలో అయిదుగురే ఉంటారని నీకెవరు చెప్పినారు?"

"మా ఇంట్లో అయిదుగురమే అయ్యవారూ."

ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యవారు నవ్వలేదు.

"యేసన్న వాళ్ల ఇంట్లో ఎందరుండారు?"

తిప్పమ్మ పక్క వరసలోని ఖాళీ చోటు చూసింది. యేసన్న కూర్చునే చోటు అది. మూడేళ్లుగా ఆ పిల్లవాడు ఆమెకు బలపం ముక్కలు ఇస్తున్నాడు. వాళ్ల ఇంట్లో ఎందరున్నారో ఆమెకు తెలియదు. ఆ ఇల్లు ఎక్కడుందో తెలుసు, వీధి చివర, చింతచెట్టు మోడు పక్కన. నిన్న సాయంత్రం అక్కడ పొగ లేచిందా? కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. చెట్టు మోడు గుర్తొచ్చింది. దాని పక్కన పొగ గుర్తు రాలేదు.

"ఇన్‌స్పెక్టరు సాయంత్రం వస్తాండాడు," అన్నారు అయ్యవారు. "ఈ లెక్క ఇస్తే నూట ఐదుగురికి పిండి వస్తాది. ఇయ్యమంటావా?"

తిప్పమ్మ పలక తీసుకుంది. ఉమ్మి వేసి, గౌను అంచుతో ఇరవై ఒకటిని తుడిచేసింది. నూట ఐదును కూడా తుడిచింది. గడప దాటి ఎండలోకి నడిచింది.

ఎందుకనో నేనూ వెనకే పోయాను. ఎందుకనో ఏమిటి, ఆమె కాళ్లకు కూడా బొబ్బలు లేస్తే చూద్దామని పోయాను.

కిందివీధి మొదటి ఇంటి తలుపుకు అడ్డంగా తుమ్మకంప పెట్టి ఉంది. తాళం కొనలేనివాళ్లు ఊరు వదిలి పోయేటప్పుడు చేసే పని అది. పక్కింటి ఆమె తల బయటికి పెట్టి, "వాళ్లు అందరూ పోయినారు. కుక్కను కూడా తీసుకపోయినారు," అంది. తిప్పమ్మ నంబరు రాసుకుని పక్కన సున్నా పెట్టింది. అలాంటి కంపలు వీధి మొత్తం మీద నాలుగు కనబడ్డాయి.

నాలుగు తేలాయి. ఇంకా అయిదు పొయ్యిలు తేలాలి.

తరువాత పక్కపక్కనే మూడిళ్లు. మూడింటి నడుమ ఒక అరుగు. దాని మీద ఆంజినమ్మ అనే ఆమె చీపురు పుల్లలు ఏరుతోంది.

"అత్తా, ఈ ఇంట్లో పొయ్యి ఉండాదా?" అని అడిగింది తిప్పమ్మ.

"ఉండాది. చల్లగా ఉండాది."

"అంటే?"

"అంటే ఈ పొద్దు నా వంతు కాదు. మేం ముగ్గురం తోడికోడండ్లం. పోయినేడు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మూడు పొయ్యిలు పెట్టుకోనుంటిమి. ఈ యేడు కట్టె లేదు, పిండి లేదు. ముగ్గురి పిండీ కలిపితే గదా ముద్ద అయ్యేది. దినానికి ఒకరి పొయ్యి."

"అయితే కొట్లాట పోయిందా?"

"కొట్లాట యాడికి పోతాది? ముద్ద తిని మళ్లీ కొట్లాడుకుంటాం. ఒట్టి కడుపుతో కొట్లాడలేం గదా."

లోపలి నుంచి ఎవరో, "నువ్వు పెట్టే ముద్ద నిమ్మకాయంత" అని అరిచారు. ఆంజినమ్మ చీపురు పుల్లతో ఆ గోడను ఒకసారి కొట్టి, మళ్లీ ఏరుకోసాగింది.

తిప్పమ్మ పలక మీద రాయబోయి ఆగింది. ఒక పొయ్యికి ఒక సంసారం. ఇక్కడ ఒక పొయ్యికి మూడిళ్లు. మనుషులు పదిహేడుగురు. గుట్ట మీద నుంచి చూసినప్పుడు వీళ్లంతా కలిసి ఒక్క పొగ. అయిదుగురు కింద లెక్కేసింది.

ఇంకాస్త ముందుకు పోతే అట్లాంటి మూడిళ్లే మరొకచోట ఉన్నాయి. వాళ్లు అన్నదమ్ములు కూడా కాదు, ఇరుగుపొరుగు. వాళ్లకూ ఒకటే పొయ్యి.

ఆ ఆరిళ్లలో నాలుగు పొయ్యిలు తగ్గాయి. ఇక మిగిలింది ఒకటే.

వీధి చివర చింతమోడు పక్కన యేసన్న ఇల్లు. తలుపు మీద గేరు నంబరు ఎండకు వెలిసిపోయింది. తలుపు మూసి ఉంది. కంప అడ్డం లేదు.

"తింటాండారేమో," అన్నాను నేను. "పద, మళ్లీ వద్దాం."

మా పక్క తినేటప్పుడు తలుపు వేసుకుంటారు. దిష్టి తగులుతుందని. తలుపు మూసి ఉంటే ఎంత చుట్టమైనా పిలవడు, బయట అరుగు మీద కూర్చుంటాడు. మేమూ కూర్చున్నాం. చాలాసేపు కూర్చున్నాం. లోపల కంచం చప్పుడు లేదు, చెంబు చప్పుడు లేదు. అంతసేపు అంత నిశ్శబ్దంగా తినేవాళ్లు ఉంటారా?

తిప్పమ్మ లేచి తలుపు తట్టింది.

"తింటాండాం," అంది లోపల ఒక ముసలి గొంతు. "తర్వాత రాండి."

"అవ్వా, నేను బయమ్మ కూతురు తిప్పమ్మను. యేసన్నతో చదువుతాండా. లెక్క రాసుకోను వచ్చినా."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. యేసన్న అవ్వ సుంకమ్మ. ఆమె చేతికి తడి లేదు, మూతికి తడి లేదు. వెనక నేల మీద యేసన్న పడుకుని ఉన్నాడు. పక్కన చింతచిగురు కుప్ప ఉంది, నమిలి వదిలిన ఈనెలు ఉన్నాయి. మూలన పొయ్యి ఉంది. అలికి, ముగ్గు వేసి ఉంది. ఆ ముగ్గు మీద బూడిద రవ్వ కూడా పడలేదు.

తిప్పమ్మ వాకిట్లోనే నిలబడింది. వాళ్లమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి ఉంటుంది. ఒక క్షణం ఆ గడపను చూసింది. తరువాత దాన్ని దాటి లోపలికి పోయి, యేసన్న పక్కన నేల మీద చతికిలబడింది.

"బడికి ఎందుకు రాలేదురా?"

"కాళ్లు ఆడడం లేదు," అన్నాడు యేసన్న. "నడిస్తే కండ్లు బైర్లు కమ్ముతాండాయి. నువ్వెందుకు వచ్చినావు ఈడికి?"

"మీ ఇంట్లో ఎందరో రాసుకుందామని."

సుంకమ్మ పలక మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఇల్లు రాసుకోవద్దు పాపా. పోయినేడు గోవిందప్ప అయ్యవారు వచ్చినప్పుడు ఈ పొయ్యి మీద సంగటి ఉడుకుతాండె. ఆయనకు ఒక చెంబు మజ్జిగ కూడా ఇస్తి. ఇప్పుడు పొయ్యి వెలిగి మూడు దినాలాయె. పొయ్యి లేని ఇల్లు సంసారమా? తలుపు వేసుకోని గుట్టుగా ఉండాం. ఇన్‌స్పెక్టరు ముందర నా పరువు తియ్యొద్దు."

తిప్పమ్మ ముఖం చూశాను. లెక్క అడగగానే జవాబు చెప్పే ముఖం అది. ఇప్పుడు పలక మీద అడ్డం పెట్టిన ఆ ముసలి చెయ్యినే చూస్తోంది. ముందురోజు సాయంత్రం గుట్ట మీద కూర్చుని ఆమె చేసిన పనినే ఈ అవ్వ ఇప్పుడు చెయ్యమంటోంది. పొగ లేదు, కాబట్టి మనుషులు లేరు. గంజి ఎవరి కోసం వస్తోందో, వాళ్లే లెక్కలో లేరు.

"అవ్వా," అంది చివరికి. "ఈసారి లెక్కలో పొయ్యి అడగరు."

"అడగరా?"

"అడగరు. మనుషులు ఎందరని మాత్రమే అడుగుతారు."

సుంకమ్మ నా వైపు చూసింది. అబద్ధం పట్టుకోవడానికి ముసలివాళ్లు పక్కవాడి ముఖం చూస్తారు. నేను చింతచిగురు వైపు చూశాను.

"నేనూ, వీడూ," అంది సుంకమ్మ చెయ్యి తీసేసి. "వాళ్ల నాయన సుగ్గికి పోయి నెలాయె. అంతే."

తిప్పమ్మ ఇద్దరిని రాసుకుంది. పొయ్యి దగ్గర గీత కూడా గీయలేదు.

అక్కడి నుంచి మళ్లీ వీధి మొదటికి వచ్చింది. పొగ లేచిన ఇళ్లను కూడా వదలలేదు, ప్రతి తలుపూ తట్టింది. ఒక ఇంట్లో ఇద్దరే ఉన్నారు, ఒక ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. సంసారానికి అయిదుగురు ఎక్కడా కుదరలేదు. ఎండకు ఆమె కాళ్లకు బొబ్బలు లేచాయి. చూసి సంతోషపడదామని పోయినవాణ్ణి నేను, ఎందుకో మరిచిపోయాను.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు సైకిల్ మీద వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ ఆ రోజు ఆయన తిరిగిన ఊళ్లలో మాది ఆఖరిది. ధూళి కొట్టుకుపోయి ఆయన కనుబొమలు ఎర్రగా ఉన్నాయి. మా అయ్యవారి కుర్చీలో కూర్చుని నల్లబల్ల చూశాడు. అయ్యవారు కిందివీధి దగ్గర కొత్త అంకె వేశారు. నూట ఇరవై ఎనిమిది.

"ఈ వీధికి పొయ్యిలెన్ని?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ వీధి చూసింది ఈ పాప. ఆమెను అడగండి," అన్నారు అయ్యవారు.

ఇన్‌స్పెక్టరు తిప్పమ్మను కిందికీ పైకీ చూశాడు. "చెప్పు పాపా. పొయ్యిలెన్ని?"

"పొయ్యిలు వద్దు సార్. మనుషుల్ని రాసుకోండి."

"పోయినేడు పొయ్యి లెక్కనే గదా సంసారాలు రాసినారు. ముప్పై ఉండె. ఇప్పుడెన్ని?"

మాకందరికీ తెలుసు, ఇరవై ఒకటని తిప్పమ్మ నాలుక చివర ఉంది. అది చెబితే ఆయన ముప్పైలోంచి తొమ్మిది తీసేస్తాడు, పిండిలోనూ అంత తీసేస్తాడు. సుంకమ్మకు ఇచ్చిన మాట కూడా పోతుంది.

"మూడిండ్లోళ్లు కలిసి ఒక పొయ్యి మీద వండుకుంటాండారు సార్," అంది. "అట్లాంటివి రెండు చోట్ల ఉండాయి. పొయ్యి ఒకటైతే మాత్రం కడుపులు ఒకటి అవుతాయా? పొయ్యిలు తగ్గినాయంటే జనం తగ్గినట్ల కాదు. పిండి తగ్గినట్ల."

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆపాడు.

"జనం తగ్గనే లేదా?"

"తగ్గినారు. నాలుగు ఇండ్లకు కంపలు పెట్టి ఉండాయి. వాళ్లను నేను రాయలేదు. మిగిలినోళ్లను ప్రతి తలుపూ తట్టి అడిగినా. కావాలంటే మీరూ రాండి, చూపిస్తా. ఎండ కూడా తగ్గింది."

ఇన్‌స్పెక్టరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ తరువాత తిప్పమ్మ కాళ్ల వైపు చూశాడు.

"వద్దులే," అని నూట ఇరవై ఎనిమిది రాసుకున్నాడు. "గోవిందప్పగారూ, పక్కూరికి కూడా ఈ పాపను పంపిస్తారా?"

"ఆమెకు కాళ్లు మానినాక అడగండి," అన్నారు అయ్యవారు.

నాలుగో రోజుకు బడి ముందర గంజి కేంద్రం మొదలైంది. పెద్ద కొప్పెరలో జొన్న గంజి కాచారు. ఊరు ఊరంతా ముంతలు, చట్లు పట్టుకుని వరసలో నిలబడింది. పైవీధివాళ్లు, నడిమివీధివాళ్లు, ఆంజినమ్మ, ఆమె తోడికోడళ్లు, వాళ్ల పదిహేడుగురూ వచ్చారు. వరసలో కూడా ఆ ముగ్గురూ కొట్లాడుకుంటూనే ఉన్నారు.

తిప్పమ్మ వరసలో తన చోటు నాకు అప్పజెప్పి, అందరినీ ఒకసారి చూసుకుంటూ నడిచింది. సుంకమ్మ కనబడలేదు. యేసన్న కనబడలేదు.

తిప్పమ్మ తన ముంత ఎత్తుకుని నేరుగా కిందివీధికి పోయింది. మూసిన తలుపు ముందు అరుగు మీద కూర్చోలేదు. తట్టింది, తెరిచేదాకా తట్టింది.

"అవ్వా, గంజి కాస్తాండారు. పోదాం రా."

"అందరూ నన్ను చూస్తారు పాపా."

"చూడనీ. నాకు కాళ్లకు బొబ్బలు, నడవలేకుండా ఉండా. నీ చెయ్యి పట్టుకోని నడుస్తా. నన్ను తీసుకపోతాండావని చెప్పు."

కాసేపటికి మేం చూస్తే దారిలో ముగ్గురు వస్తున్నారు. మధ్యలో సుంకమ్మ, ఒక పక్క యేసన్న, ఇంకో పక్క కుంటుతూ తిప్పమ్మ. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. మా అయ్యవారు వరసలోంచి పక్కకు జరిగి, సుంకమ్మకు చోటిచ్చి, "పోయినేడు నీ చెంబుడు మజ్జిగ తాగినా పెద్దమ్మా, జ్ఞాపకముండాదా" అన్నారు. ఆమె తలూపి ముంత ముందుకు పెట్టింది.

ఆ పూట గంజి అందరికీ సరిపోయింది. కొప్పెర అడుగున గరిటె గీకిన చప్పుడు ఆఖరి మనిషి దగ్గరే వినిపించింది.

అయ్యవారు తిప్పమ్మను పిలిచి, జేబులోంచి ఒక బెల్లం ముక్క తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని గౌను అంచులో చుట్టి, గుడ్డ మీద నుంచి పంటితో కొరికి రెండు ముక్కలు చేసింది. కాకెంగిలికి అంటు లేదు కదా. ఒక ముక్క యేసన్న గంజిలో వేసింది, ఒకటి నోట్లో పెట్టుకుంది.

సరే, ఇంతదూరం విన్నారు కాబట్టి ఒక మాట. ఇందులో గుట్ట గురించి నేను కోసిన కోతలు మీకు ముందే చెప్పేశాను. మిగతాదంతా జరిగిందే, బెల్లం ముక్క ఒక్కటి తప్ప. ఆ ఏడు మా ఊళ్లో బెల్లం ఎక్కడిది? అయ్యవారి జేబులో సుద్దముక్కలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఆ గంజిలో ఉప్పు కూడా తక్కువే. పిల్లలిద్దరూ ముంతల అడుగు దాకా అట్లాగే తాగేశారు. ఇప్పుడు కథ నా చేతిలో ఉంది కదా, ఒక ముక్క వేశాను.